పాత బిల్డింగుల లైన్‌లోకి వెళ్ళాలంటే స్టాడా, ఈట్యాబ్సా, మిడాసా? ఒక తండ్రి ప్రశ్నకి జవాబు

భీమవరం నుంచి ఒక తండ్రి అడిగారు. అబ్బాయి సివిల్ చేసి స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాడట, పాత కట్టడాలు ఎంత బలంగా ఉన్నాయో చూసి రిపోర్ట్ ఇచ్చే లైన్‌లోకి వెళ్తానంటున్నాడట. దానికి బిల్డింగ్ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లలో స్టాడ్ ప్రో నేర్చుకోవాలా, ఈట్యాబ్సా, మిడాసా? అమీర్‌పేటలో ఒకళ్ళు ఎనిమిది సాఫ్ట్‌వేర్లు కలిపి 70 వేలు అంటున్నారు, కట్టేయమంటారా? చివర్లో ఇంకో ముక్క రాశారు: "మా తోడల్లుడి కొడుకు కంప్యూటర్స్ తీసుకుని సెటిలైపోయాడు, మావాడే ఇలా."

సార్, మీ అసలు ప్రశ్న ఆ చివరి ముక్కే. ఇలాంటి మెసేజులు నాకు వస్తూనే ఉంటాయి, సాఫ్ట్‌వేర్ పేర్లు మారతాయి గానీ ఆ తోడల్లుడి కొడుకు మాత్రం మారడు. కాబట్టి ముందు ఆ భయం సంగతే చెప్తా. ఈ పని ఎక్కడికీ పోదండీ. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో 80ల్లో 90ల్లో లేచిన అపార్ట్‌మెంట్లకి ఇప్పుడు ముప్పై నలభై ఏళ్ళొచ్చాయి, కింద పార్కింగ్‌లో పిల్లర్లు పెచ్చులూడి చువ్వలు బయటపడుతున్నాయి, వైజాగ్ ఉప్పుగాలికి ఇంకా ముందే. ఒకాయన పైన ఇంకో ఫ్లోర్ వేయొచ్చా అంటాడు, అసోసియేషన్ వాళ్ళు రిపేరు చాలా లేక కూలగొట్టాలా అంటారు. 2001 భుజ్ భూకంపానికి రెండొందల కిలోమీటర్ల పైన ఉన్న అహ్మదాబాద్‌లో కూడా కింద పార్కింగ్ వదిలి కట్టిన అపార్ట్‌మెంట్లు కూలాయి, మన ఊళ్ళల్లో ఆ రకం ఎన్నున్నాయో మీరే ఒక వీధి తిరిగి చూడండి. దీన్ని నిజంగా చూడగలిగినవాళ్ళు తక్కువ. మొదటి రెండు మూడేళ్ళు జీతం మాత్రం తోడల్లుడి కొడుకుతో తూగదు, అది ఇప్పుడే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను అనకండి.

ఇక పోలిక. మామూలు ఆర్‌సీసీ బిల్డింగులకి ఈట్యాబ్స్, స్టీల్ షెడ్లు, ఫ్యాక్టరీలు అయితే స్టాడ్, బ్రిడ్జిలైతే మిడాస్ సివిల్. అంతే. ఒకటి బాగా వచ్చినవాడికి రెండోది నేర్చుకోవడం పెద్ద పనేం కాదు, ఆఫీసులో ఏది ఉంటే అదే వాడతాడు.

నాకు అనుమానమంతా ఆ ప్యాకేజీ మీదే. అక్కడ నేర్పేది కొత్త బిల్డింగ్ డిజైన్: లోడ్లు ఇస్తే ఎంత స్టీల్ వేయాలో సాఫ్ట్‌వేర్ చెప్తుంది. పాతదానికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది, స్టీల్ లోపల ఎప్పుడో పడిపోయింది, అది సరిపోతుందా లేదా అన్నదే తేలాలి. ఈట్యాబ్స్‌లోనే కాలమ్‌కి స్టీల్ డిజైన్ చెయ్యి అనీ, నేనిచ్చిన స్టీల్ చెక్ చెయ్యి అనీ రెండు ఆప్షన్లు ఉంటాయి, ఆ రెండోదాని మీద ఒక్కసారి కూడా క్లిక్ చేయకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లల్ని చాలామందిని చూశా.

సరే, లోపల ఎంత స్టీల్ ఉందో ఎవరు చెప్తారు? డ్రాయింగులు ఉండవు, కట్టిన మేస్త్రీ ఎక్కడున్నాడో తెలీదు. కవర్ మీటర్‌తో చువ్వలు వెతకాలి, అక్కడక్కడా చెక్కి చూడాలి, కోర్ (కాంక్రీట్‌లోంచి డ్రిల్ చేసి తీసిన గుండ్రటి ముక్క) తీసి ల్యాబ్‌లో నలగ్గొట్టాలి. కొందరు రీబౌండ్ హ్యామర్ (కాంక్రీట్ మీద కొడితే ఎంత వెనక్కి ఎగిరిందో చూసి బలం అంచనా వేసే పరికరం) ఒక్కటే కొట్టేసి కాంక్రీట్ గ్రేడ్ రాసేస్తారు. దాంతో చెప్పే స్ట్రెంత్ 25 శాతం అటూ ఇటూ పోవచ్చని మన కోడే అంటుంది, పైగా పాత కాంక్రీట్‌కి కార్బొనేషన్ పట్టి (గాల్లోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి ఇంకి) పైపొర గట్టిపడుతుంది కాబట్టి రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆర్‌సీసీకి కనీసం ఎం20 కాంక్రీట్ (ఎం పక్కన అంకె ఎంత పెద్దదైతే బలం అంత ఎక్కువ) ఉండాలన్నది మన కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456లో 2000లోనే వచ్చింది, అంతకుముందు 1978 కోడ్ ఎం15 కూడా ఒప్పుకునేది. లోపల 12 ఉన్నచోట 20 అని టైప్ చేస్తే ఏ సాఫ్ట్‌వేరైనా రంగురంగుల బొమ్మ చూపించి పాస్ అనేస్తుంది. పిల్లర్ చువ్వల చుట్టూ రింగులు ఎంత దూరానికొకటి కట్టారు, వాటి కొక్కేలు లోపలికి వంచారా లేదా, ల్యాప్ (ఒక చువ్వకి ఇంకో చువ్వ జత చేసే చోటు) ఎక్కడ వేశారు, ఇవేవీ మామూలు మోడల్‌కి తెలీవు.

ఇప్పుడు ఫ్యాషనంతా పుష్ఓవర్, అంటే మోడల్‌ని పక్కకి కొంచెం కొంచెంగా నెడుతూ ఎక్కడ ఎప్పుడు దెబ్బతింటుందో చూసే లెక్క. ఫోరెన్సిక్ ఇంజినీర్ అని బోర్డు పెట్టి పదిహేను రోజుల్లో నేర్పిస్తామంటున్నారు. ఈట్యాబ్స్ దానంతటదే పెట్టే హింజులు (కాలమ్, బీమ్ ఎక్కడ వంగి లొంగిపోతాయో చెప్పే పాయింట్లు) అమెరికా వాళ్ళ కోడ్ ఏఎస్‌సీఈ 41 టేబుల్స్ నుంచి వస్తాయి, రింగులు సరిగా లేని మన పాత కాలమ్‌కి అందులో ఏ వరస వర్తిస్తుందో తెలియనివాడు బటన్ నొక్కితే కర్వ్ వస్తుంది, దానికి అర్థం ఉండదు. పాత ఆర్‌సీసీ బిల్డింగుల కోసమే మనకి ఐఎస్ 15988 అనే కోడ్ ఉంది, 2013ది. ముందు ప్రాథమికంగా చూడు, అనుమానం ఉంటే వివరంగా వెళ్ళు అంటుంది, బిల్డింగ్ గురించి మనకి ఎంత తక్కువ తెలిస్తే దాని బలాన్ని అంత తగ్గించి లెక్కేసుకోమంటుంది. అబ్బాయిని ముందు అది చదవమనండి.

అన్నట్టు, ఇన్ని సాఫ్ట్‌వేర్ల పేర్లు రాశారే, అందులో మీవాడు కాలేజీలో ఈపాటికే ఏది వాడాడో ఎక్కడా లేదు. ఎంటెక్ చదివే కుర్రాడికి మీరు సాఫ్ట్‌వేర్ సెలెక్ట్ చేయడం ఏంటి సార్? రేపు సైట్‌లో ఈ పిల్లర్ ఉంచాలా తీసేయాలా అని వాడు ఒక్కడే నిలబడి చెప్పాలి, ఆ పని నేర్చుకునేవాడి తరఫున ప్రతిదీ మీరే తేల్చేస్తే ఎలా? తిడుతున్నా అనుకోకండి, కొంచెం తిడుతున్నా కూడా.

వాడు చేయాల్సింది చెప్తా. ఎంటెక్ ల్యాబ్‌లో ఈట్యాబ్స్ లైసెన్స్ ఉంటే అదే చాలు. భూకంప లెక్కల సాఫ్ట్‌వేర్లు ఇంకో రెండున్నాయి: బర్క్‌లీ వాళ్ళ ఓపెన్‌సీస్ ఫ్రీ, పైథాన్‌లో రాసుకోవచ్చు, సైస్మోస్ట్రక్ట్ చదువుకునేవాళ్ళకి ఫ్రీగా లైసెన్స్ ఇస్తుంది. క్రాక్ కాపీల జోలికి వద్దు. పర్మిషన్ తీసుకుని కాలేజీలో ఏదో ఒక పాత బ్లాక్ కొలిచి, మోడల్ చేసి, అందులో రెండు కాలమ్‌లు చేత్తో లెక్కేసి సాఫ్ట్‌వేర్ జవాబుతో సరిచూడమనండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో రెండు పేజీలు రాయమనండి, ఇంటర్వ్యూలో ఎనిమిది సర్టిఫికెట్ల కన్నా ఆ రెండు పేజీలే పనికొస్తాయి. చెన్నై ఎస్‌ఈఆర్‌సీలో (కట్టడాల ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం), హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భూకంప పరిశోధన కేంద్రంలో ప్రాజెక్టుకి అవకాశం ఉందేమో వాడే మెయిల్ పెట్టి అడగాలి, మీరు కాదు.

70 వేలు కట్టొద్దు. సెలవుల్లో ఏదైనా టెస్టింగ్ ల్యాబ్ వాళ్ళతో సైట్లు తిరిగితే బస్సు చార్జీలు, భోజనం ఖర్చే అవుతుంది. అడ్వాన్స్ ఇప్పటికే కట్టేసి ఉంటే వెనక్కి అడగండి, ఇవ్వకపోవచ్చు, అయినా అడగండి.