పెద్దవాడు తమ్ముణ్ణి కొరుకుతున్నాడు.. కోపం తగ్గే మందు ఉందా డాక్టర్?

ప్రశ్న: మాకు ఇద్దరు అబ్బాయిలు. పెద్దవాడికి మూడేళ్ల మూడు నెలలు, బరువు 13 కిలోలు. చిన్నవాడికి ఏడాదీ అయిదు నెలలు, 10 కిలోలు. తమ్ముడు పుట్టినప్పుడు పెద్దవాడు బాగానే ఉన్నాడు. వాడు నడక నేర్చినప్పటి నుంచి తోయడం, కొరకడం మొదలుపెట్టాడు. పోయిన వారం తమ్ముడి చేతి మీద పళ్ల గాట్లు పడి కమిలిపోయింది. ఎప్పుడో మానేసిన పాలసీసా మళ్లీ కావాలంటున్నాడు. పగటిపూట కూడా నిక్కరు తడుపుకుంటున్నాడు. ఫోను చూపిస్తే తప్ప అన్నం ముట్టడు, పాలు మాత్రం ఎన్నిసార్లిచ్చినా తాగుతాడు. ఒకరికి జలుబు చేస్తే నాలుగు రోజుల్లో రెండోవాడికి వస్తుంది. పెద్దవాడికి రాసిన సిరప్‌లనే చిన్నవాడికీ కాస్త తగ్గించి వేస్తున్నాను. పెద్దవాడికి ఏదైనా మానసిక సమస్య ఉందా? కోపం తగ్గడానికి మందు రాస్తారా? రెండు తగిలిస్తే దారికి వస్తాడని మా అత్తగారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీరు రాసినంతవరకు చూస్తే పెద్దబ్బాయికి మానసిక సమస్య ఉందని అనిపించడం లేదమ్మా. ఈ వయసు పిల్లలకు కోపం తగ్గించే సిరప్ అంటూ ఏదీ లేదు. ఉందని ఎవరైనా చేతిలో పెట్టినా వేయకండి. నిజానికి మీ లేఖలో నన్ను కంగారు పెట్టింది కొరకడం కాదు, ఒకరి మందు మరొకరికి ‘కాస్త తగ్గించి’ వేస్తున్నానన్న మాట. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

జ్వరానికి వాడే పారాసెటమాల్‌ను పిల్లల బరువును బట్టి ఇవ్వాలి. ఒక్కో మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే మీ చిన్నబ్బాయికి ఒకసారికి 150 మిల్లీగ్రాములు దాటకూడదు, పెద్దబ్బాయికి 195 దాటకూడదు. ఇంతవరకు లెక్క తేలికే. అసలు తిరకాసు సీసాలో ఉంది. ఇదే మందు 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది మరొకటి, ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండే చుక్కల మందు ఇంకొకటి దుకాణాల్లో దొరుకుతాయి. పెట్టె మీద బొమ్మలు, రంగులు దాదాపు ఒకేలా ఉంటాయి. 250 రకమైతే మీ చిన్నవాడికి 3 మిల్లీలీటర్లు చాలు. చుక్కల మందైతే ఒకటిన్నరే. అర్ధరాత్రి నిద్రమత్తులో చుక్కల మందును సిరప్ అనుకుని 5 మిల్లీలీటర్లు పోశారనుకోండి, ఒక్క దెబ్బకు 500 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. ఇవ్వాల్సిన దానికి మూడింతల పైమాట. రోజుకు మూడు నాలుగు సార్లు అలా పడితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి ఇద్దరి సీసాల మీదా పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ తేదీన తెరిచారు అన్నవి పెన్నుతో రాసి అంటించండి. వంటింటి చెంచాలతో కొలవకండి, సీసాతో వచ్చే గీతల మూత గానీ సూదిలేని సిరంజి గానీ వాడండి. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. ఇరవై నాలుగు గంటల్లో నాలుగు మోతాదులు మించకూడదు.

జలుబు, దగ్గు సిరప్‌లైతే ఇద్దరికీ మానేయండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపి తయారుచేసే జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే ముద్రించాలంటూ మన ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది. మధ్యప్రదేశ్‌లో కలుషితమైన దగ్గు మందు తాగి పసివాళ్లు చనిపోయాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మరింత గట్టిగా చెప్పింది: రెండేళ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు ఇవ్వనే కూడదు, అయిదేళ్లలోపు వారికి కూడా సాధారణంగా వద్దు. మీ ఇద్దరూ ఈ గీత లోపలే ఉన్నారు. ముక్కులో ఉప్పునీటి చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, పడుకునే ముందు అర చెంచా తేనె చాలు. ఏడాది నిండింది కాబట్టి చిన్నవాడికీ తేనె ఇవ్వవచ్చు. ఈ వయసులో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. ఒకే కంచం, ఒకే మంచం కాబట్టి అన్నది తమ్ముడికి రాకుండా ఆపడం మీ తరం కాదు, నా తరమూ కాదు. అయితే నిమిషానికి నలభై లేదా అంతకంటే ఎక్కువ సార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకండి. ఊపిరిని పిల్లవాడు నెమ్మదిగా ఉన్నప్పుడు, చొక్కా తీసి, పూర్తిగా ఒక నిమిషం పాటు లెక్కపెట్టాలి. ఏడుస్తున్నప్పటి లెక్క పనికిరాదు.

ఇక కొరకడం. తమ్ముడు పుట్టినప్పుడు బాగానే ఉండి, నడక వచ్చాక మొదలైందని రాశారు. చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. ఉయ్యాల్లో ఉన్నన్నాళ్లూ తమ్ముడు వాడికి అడ్డు రాలేదు. ఇప్పుడు కాళ్లొచ్చాయి. పెద్దవాడు పావుగంట కష్టపడి వరసగా నిలబెట్టిన బొమ్మ కార్ల మీదికి చిన్నవాడు నవ్వుకుంటూ వచ్చి అన్నీ చెదరగొడతాడు. పెద్దవాడు అరుస్తాడు. లోపలి నుంచి ఎవరో ఒకరు, ‘ఇచ్చెయ్యరా, వాడు చిన్నవాడు కదా, నువ్వు పెద్దవాడివి’ అంటారు. మూడేళ్ల వాడికి తన మొర వినిపించడానికి అన్ని మాటలు రావు, పళ్లు మాత్రం ఇరవై ఉన్నాయి. మీకు కనిపిస్తున్నది చివరి అంకం. మొదటి రెండూ చూస్తే మీకు సగం కోపం పోతుంది.

మీ ఇంట్లో ఇద్దరూ పసివాళ్లే. పెద్దవాడికి తమ్ముడు లేకపోయి ఉంటే ఈపాటికి అందరూ వాడినే చంకనెత్తుకుని తిప్పుతుండేవారు. కొట్టడం, తోయడం రెండేళ్లు, మూడేళ్ల వయసులోనే ఎక్కువగా ఉండి, మాటలు పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తాయి. మీవాడు ఆ వయసులో ఉన్నాడు, అంతే. అత్తగారి సలహా మాత్రం పనికిరాదు, ఆవిడ మనసు నొచ్చుకోకుండా మీరే చెప్పాలి. కొట్టి మాన్పిద్దామంటే, బలమున్నవాడు బలం లేనివాడిని కొట్టవచ్చన్న సంగతి వాడికి మరింత గట్టిగా బోధపడుతుంది. కొందరు ‘నొప్పి ఎలా ఉంటుందో తెలియాలి’ అని తిరిగి కొరుకుతారు కూడా. అది అంతకంటే అన్యాయం.

కొరికిన క్షణంలో ఏం చేయాలంటే, ముందు చిన్నవాడిని ఎత్తుకోండి. పెద్దవాడి కళ్లలోకి చూసి, ‘కొరకకూడదు. తమ్ముడికి నొప్పి పుడుతుంది’ అని రెండు ముక్కలు చెప్పి ఊరుకోండి. అరుపులు, ఉపన్యాసాలు, బలవంతాన చెప్పించే ‘సారీ’లు వద్దు. గాటును సబ్బుతో, ధారగా పడే నీటి కింద అయిదు నిమిషాలు కడగండి. చర్మం తెగకుండా కమిలితే గుడ్డలో చుట్టిన ఐసు ముక్క చాలు. రక్తం వస్తే, ముఖ్యంగా వేళ్ల మీదా ముఖం మీదా అయితే, అదే రోజు డాక్టరుకు చూపించండి, మనిషి కాటుకు చీము పట్టే గుణం ఎక్కువ. టీకాలన్నీ సమయానికి వేయించి ఉంటే ధనుర్వాతం గురించి భయం అక్కరలేదు. పసుపు, కాఫీ పొడి అద్దకండి.

ఆ క్షణం కంటే దానికి ముందు గంట ముఖ్యం. ఒక వారం రోజులు ఎప్పుడు కొరుకుతున్నాడో క్యాలెండర్ మీద రాసి చూడండి. చాలా ఇళ్లలో అది సాయంత్రం ఆరూ ఏడు మధ్య ఉంటుంది. మధ్యాహ్నం నిద్రపోలేదు, ఆకలి వేస్తోంది, అమ్మ స్టవ్ దగ్గర ఉంది. మీ ఇంట్లోనూ అదే వేళ అని తేలితే అన్నం అరగంట ముందుకు జరపండి. పగటి కునుకుతో కలిపి పెద్దవాడికి రోజుకు 10 నుంచి 13 గంటలు, చిన్నవాడికి 11 నుంచి 14 గంటలు నిద్ర ఉండాలి. పెద్దవాడి బొమ్మల్లో కొన్నింటిని తమ్ముడికి అందని ఎత్తున, దివాన్ మీదో బల్ల మీదో పెట్టి, అవి వాడి సొంతమని అందరి ముందూ చెప్పండి. చిన్నవాడు వాటి జోలికి వెళ్తే ఆపాల్సింది చిన్నవాడినే. ఈ ఒక్క మార్పుతోనే కాట్లు సగం తగ్గడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

రోజుకు పావుగంట వాడు మీకో వాళ్ల నాన్నకో ఒక్కడే ఉండాలి. గొప్ప ఆటలేమీ అక్కరలేదు, కరివేపాకు కొనడానికి వీధి చివరిదాకా చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లినా సరిపోతుంది. ఇంకో మాట. చుట్టాలు వచ్చినప్పుడు ‘నిన్ను తవుడు పోసి కొన్నాం, తమ్ముడే మా సొంతం’ అనో, ‘తమ్ముణ్ణి మేం తీసుకుపోతాం’ అనో వేళాకోళం ఆడతారు చూడండి, దాన్ని గుమ్మంలోనే ఆపించండి. మనకు అది హాస్యం, మూడేళ్లవాడికి మాత్రం కబురు.

పాలసీసా అడిగినందుకు ‘సిగ్గు లేదా’ అనకండి. కానీ సీసా ఇవ్వకండి కూడా. చిన్నవాడు ఇంకా సీసాతోనే తాగుతుంటే ముందు వాడిది తీసేయాలి, పద్దెనిమిది నెలలకల్లా అది ఎలాగూ మానాలి. తమ్ముడి నోట్లో సీసా ఉంచి అన్నకు గ్లాసు ఇస్తే ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు. ఇద్దరికీ గ్లాసుల్లోనే పోసి, పెద్దవాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తాగించండి. వాడికి కావలసింది చాలావరకు ఆ ఒడే. పాలు మాత్రం రోజుకు అర లీటరు దాటనివ్వకండి. ఎన్నిసార్లిచ్చినా తాగుతాడు, అన్నం ముట్టడు అంటున్నారు. పాలలో ఇనుము దాదాపు ఉండదు, పొట్ట మాత్రం నిండిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన పిల్లలు చీటికిమాటికి చిరాకు పడతారు, ఆకలి మందగిస్తుంది, కొందరు మట్టి, సుద్ద, గోడ సున్నం తింటారు. మీవాడి కోపంలో దీని వాటా ఎంతో పరీక్ష చేయిస్తే తేలుతుంది. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే ఐరన్ చుక్కలో సిరప్పో మీ డాక్టరు రాస్తారు. గుడ్డు, మాంసం, కాలేయం తినే ఇల్లైతే అవి పెట్టండి. లేకపోతే ఆకుకూర పప్పు మీద కాస్త నిమ్మరసం పిండండి.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. రెండేళ్లలోపు అసలు వద్దు, అయిదేళ్లలోపు రోజుకు గంట మించకూడదని భారతీయ శిశువైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దవాడికి చూపిస్తుంటే చిన్నవాడు పక్కన కళ్లు మూసుకోడు కదా. కింద చాప వేసి ఇద్దరినీ కూర్చోబెట్టి, చేతికి అన్నం ఇచ్చేయండి. మొదటి వారం పిల్లల కంటే చాపే ఎక్కువ అన్నం తింటుంది, సర్దుకోండి.

నిక్కరు తడపడం చాలాసార్లు ఈ అలకలో భాగమే. తిట్టకుండా రెండు గంటలకోసారి తీసుకువెళ్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మలబద్ధకం ఉందేమో మాత్రం చూడండి, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. మూత్రం పోసేటప్పుడు ఏడుస్తున్నా, జ్వరం ఉన్నా, విపరీతంగా దాహమై బరువు తగ్గుతున్నా మూత్ర, రక్త పరీక్షలు ఆలస్యం చేయకండి. రాత్రి పక్క తడపడాన్ని అయిదేళ్లదాకా జబ్బుగా లెక్కించం.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. అన్న కోపం వల్ల తమ్ముడికి జరిగే హాని ఒక గాటు. అన్న ప్రేమ వల్ల జరిగేది అంతకంటే పెద్దది కావచ్చు. తను తింటున్న పల్లీలు, పుట్నాలు, ద్రాక్షపండు తెచ్చి తమ్ముడి నోట్లో పెడతాడు. అవి గొంతులో, ఊపిరితిత్తుల్లో ఇరుక్కున్న పిల్లలను మేం తరచూ చూస్తాం. నాలుగేళ్లు దాటేదాకా ఇద్దరికీ పల్లీలు పొడి చేసే పెట్టండి, ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయండి. బొమ్మల్లోని బిళ్ల బ్యాటరీలకు స్క్రూ మూత ఉందో లేదో ఇవాళే చూడండి. ఒకవేళ గొంతుకు అడ్డం పడి దగ్గలేక, గొంతు పెగలక నీలంగా మారుతుంటే నోట్లో వేలు పెట్టి గుడ్డిగా కెలకకండి. ముందుకు వంచి, రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు గట్టిగా వేయండి. రాకపోతే వెనుక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కండి. అడ్డం తొలగేవరకు రెండూ మార్చి మార్చి చేయాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.

పెద్దవాడు మూడు మాటలు కలిపి చెప్పలేకపోతున్నా, పిలిస్తే పలక్కపోయినా, ఎవరి కళ్లలోకీ చూడకపోయినా, తనను తాను గాయపరచుకుంటున్నా అది అలక కాదు, పిల్లల ఎదుగుదల నిపుణులకు చూపించాలి. చిన్నవాడికి 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, రెండో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా ఉన్నాయి, కార్డు తీసి చూడండి. నులిపురుగుల మాత్ర అంగన్‌వాడీలో ఇచ్చినప్పుడు చిన్నవాడికి సగం, పెద్దవాడికి పూర్తి మాత్ర. రెండూ పొడి చేసి నీళ్లలో కలిపే వేయాలి.

పెద్దవాడి రక్తపరీక్షకు వెళ్లే రోజు తమ్ముణ్ణి అత్తగారి దగ్గర ఉంచి, మీరూ వాడూ మాత్రమే వెళ్లండి. సూది గుచ్చరని అబద్ధం చెప్పకండి. కాసేపు నొప్పి పుడుతుంది, నేను పక్కనే ఉంటాను అని ఉన్నదున్నట్టు చెప్పండి.