పాఠకుల ప్రశ్నలు: హోషేయ మాట మత్తయి నోట

ప్రశ్న: యూదుల బైబిల్లో 24 పుస్తకాలే అంటారు. మన పాత నిబంధనలో 39 ఉన్నాయి. మిగతా 15 ఎక్కడినుంచి వచ్చాయి?
– పాఠకుడు, ఏలూరు

ఎక్కడినుంచీ రాలేదు. లెక్కపెట్టే తీరు వేరు, అంతే. హోషేయ నుంచి మలాకీ దాకా ఉన్న 12 చిన్న ప్రవక్తల గ్రంథాలు యూదులకు ఒకే పుస్తకం. అక్కడే 11 తగ్గాయి. సమూయేలు, రాజులు, దినవృత్తాంతాలు మనకు రెండేసి, వాళ్లకు ఒక్కొక్కటి. ఎజ్రా, నెహెమ్యా కలిపి ఒకటి. మొత్తం 15 సరిపోయాయి.

అసలు తేడా వరసలో ఉంది. యూదులది మూడు భాగాల అమరిక: ధర్మశాస్త్రం 5, ప్రవక్తలు 8, లేఖనాలు 11. యెహోషువ, న్యాయాధిపతులు, సమూయేలు, రాజులు మనకు చరిత్ర గ్రంథాలు, వాళ్లకు ప్రవక్తల భాగం. దానియేలు మాత్రం ప్రవక్తల్లో కనబడడు, లేఖనాల్లో ఉంటాడు. అచ్చులో దొరికే హీబ్రూ బైబిళ్లు సాధారణంగా దినవృత్తాంతాలతో ముగుస్తాయి. అందులో చివరి మాట పారసీక రాజు కోరెషు ఆజ్ఞ: దేవుని ప్రజలు యెరూషలేముకు బయలుదేరవచ్చని. మన పాత నిబంధన మలాకీతో, ఏలీయాను పంపుతానన్న మాటతో ముగుస్తుంది. పేజీ తిప్పితే మత్తయి, మరి కాసేపటికి బాప్తిస్మమిచ్చు యోహాను. పుస్తకాలు అవే అయినా, ఈ వరసే ఒక వ్యాఖ్యానం.

కతోలికుల బైబిల్లో పాత నిబంధన గ్రంథాలు 46. తోబీతు, యూదితు, మక్కబీయులు వంటివి గ్రీకు బైబిల్ ద్వారా వచ్చినవి.

ప్రశ్న: బాల యేసును ఐగుప్తుకు తీసుకుపోయిన సందర్భంలో, "ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని" అన్న ప్రవక్త మాట నెరవేరిందని మత్తయి 2:15 చెబుతుంది. కింద రిఫరెన్స్ హోషేయ 11:1 అని ఉంది. తీసి చూస్తే అక్కడ ఇశ్రాయేలు ప్రజల సంగతే ఉంది. బైబిల్ స్టడీలో అడిగితే "అది దాగి ఉన్న ప్రవచనం" అన్నారు. అంతేనా?
– పాఠకురాలు, గుంటూరు

మీరు సరిగ్గానే చదివారు. హోషేయ 11:1 జరగబోయేదాన్ని చెప్పడం లేదు, జరిగిపోయినదాన్ని గుర్తుచేస్తోంది. ఇశ్రాయేలు పసివాడుగా ఉన్నప్పుడు ప్రేమించాను, ఐగుప్తు నుంచి పిలిచాను అని దేవుడు తండ్రిలా తలుచుకుంటున్నాడు. ఇక 2వ వచనం చూడండి: పిలిచినకొద్దీ వాళ్లు దూరమయ్యారు, బయలు దేవతలకు బలులు అర్పించారు, విగ్రహాలకు ధూపం వేశారు. 1వ వచనంలోని కుమారుడు నేరుగా యేసే అంటే 2వ వచనాన్ని కూడా ఆయనకే అంటగట్టాలి. అందుకు ఏ క్రైస్తవుడూ ఒప్పుకోడు. "దాగి ఉన్న ప్రవచనం" అన్న వివరణ అక్కడే తేలిపోతుంది.

పోనీ, మత్తయి హోషేయను సరిగా చూడలేదా? అలా అనిపించదు. అప్పట్లో వాడుకలో ఉన్న గ్రీకు అనువాదంలో ఈ చోట "అతని పిల్లలను" అని ఉంది. దానితో మత్తయికి పని జరగదు. ఆయన రాసినది హీబ్రూ పాఠంతో కలుస్తుంది.

ఆయన చేస్తున్న పనేమిటో తెలియాలంటే ఒక్క వచనం దగ్గర ఆగకూడదు, మత్తయి 4వ అధ్యాయం దాకా చదవాలి. నిర్గమకాండము 4:22లో ఇశ్రాయేలు దేవుని జ్యేష్ఠపుత్రుడు. ఆ కుమారుడు ఐగుప్తు నుంచి వచ్చాడు, నీళ్లు దాటాడు, అరణ్యంలో 40 ఏళ్లు పరీక్షకు నిలిచి తప్పాడు. మత్తయిలో యేసు ఐగుప్తు నుంచి వస్తాడు, యొర్దాను నీళ్లలో దిగుతాడు, అరణ్యంలో 40 రోజులు పరీక్షకు నిలుస్తాడు. శోధకుడైన సాతానుకు ఆయన ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము నుంచే, వరసగా 8:3, 6:16, 6:13. మూడూ ఆ అరణ్యవాసాన్ని గురించిన అధ్యాయాల్లోవే. అంటే ఇశ్రాయేలు నడిచిన దారినే యేసు మళ్లీ నడిచి, వాళ్లు తప్పిన చోట నిలిచాడని మత్తయి చెబుతున్నాడు. "నెరవేరింది" అనే మాటను ఆయన ఈ విశాలమైన అర్థంలో కూడా వాడతాడు, జోస్యం ఫలించిందనే అర్థంలోనే కాదు. రోమా 5:14లో పౌలు ఆదామును రాబోవువానికి "గురుతు" అన్నదీ ఈ కోవలోదే.

ఇందువల్ల ఒక పరిమితి కూడా ఉంది. ఇది యేసును ముందే నమ్మినవాడు వెనక్కి తిరిగి లేఖనాన్ని చదివే పద్ధతి. ఈ వచనాన్ని చేతబట్టుకుని యూదుడితోనో నాస్తికుడితోనో వాదానికి దిగితే ఓడిపోతారు. ఓడాలి కూడా.

మీ స్టడీలో ఇకమీదట కొత్త నిబంధనలో ఉల్లేఖన కనబడితే ముందు పాత నిబంధన అధ్యాయం మొత్తం చదవండి. ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో మాట్లాడుతున్నారో రాసుకోండి. తర్వాత రెండుచోట్లా మాటలు పోల్చండి. తేడా వస్తే కంగారు వద్దు. కీర్తన 40:6లో "చెవులు" అని ఉన్న చోట హెబ్రీ 10:5లో "శరీరము" ఉంది. కీర్తన హీబ్రూ నుంచి తెలుగులోకి వచ్చింది, హెబ్రీ పత్రిక రచయిత గ్రీకు కీర్తనను ఎత్తి రాశాడు. ఇదంతా అయ్యాకే కొత్త నిబంధన పేజీకి తిరిగి రండి. చాలామంది ఈ వరసను తిరగేస్తారు, హోషేయకు సొంత గొంతు లేకుండా పోయేది అందుకే.

ప్రశ్న: యెషయా 53 యేసు గురించేనా? యూదులు కాదంటారు కదా?
– పాఠకుడు, ఖమ్మం

ముందు ఒక సవరణ: బాధలు పడే దేవుని సేవకుడి గురించిన ఆ పద్యం 53:1లో మొదలు కాదు, 52:13లో మొదలవుతుంది. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, ఇక్కడ అడ్డంగా కోసింది.

సేవకుడు ఇశ్రాయేలు జాతే అన్నది 11వ శతాబ్దపు యూదు పండితుడు రాషీ వ్యాఖ్యానం. బలమైన ఆధారమే, 49:3లో "నీవు నా సేవకుడవు" అని ఇశ్రాయేలును పేరుపెట్టి పిలిచారు. కానీ 49:5-6లో అదే సేవకుడి పని ఇశ్రాయేలును తిరిగి రప్పించడం. జాతే జాతిని ఎలా రప్పిస్తుంది? ఆ ముడి పాఠంలోనే ఉంది. యూదులందరిదీ ఒకే మాటనుకోవద్దు. ప్రవక్తల గ్రంథాలకు ఉన్న పాత అరామిక్ అనువాదం 52:13లో సేవకుణ్ణి మెస్సీయ అనే అంటుంది, బాధలను మాత్రం ఇతరులకు మళ్లిస్తుంది.

క్రైస్తవుల వాడకం కూడా ఒకే తీరుగా లేదు. మత్తయి 8:17 ఈ అధ్యాయాన్ని ఎత్తినది సిలువ గురించి కాదు, రోగులను బాగుచేయడం గురించి. 1 పేతురు 2లో దాన్ని దెబ్బలు తినే దాసులకు ధైర్యంగా చెప్పారు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు ఫిలిప్పును అడిగినది సరిగ్గా మీ ప్రశ్నే: ప్రవక్త చెప్పేది తన గురించా, వేరొకరి గురించా? ఫిలిప్పు ఆ లేఖనంతో మొదలుపెట్టి యేసు గురించి చెప్పాడు. క్రైస్తవ పఠనం అక్కడినుంచి సాగుతుంది.

ప్రశ్న: మృత సముద్రపు చుట్టలు దొరికాక బైబిల్లో ఒక్క అక్షరం మారలేదని తేలిందట. నిజమా?
– పాఠకుడు, కర్నూలు

సగం నిజం. 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ మొదటి గుహలో బయటపడ్డ యెషయా చుట్ట (తోలుపై రాసిన ప్రాచీన ప్రతి) ఏడు మీటర్ల పైన పొడవు. దాదాపు వెయ్యేళ్ల తర్వాతి ప్రతులతో చాలా దగ్గరగా ఉంది. అయితే తేడాలు ఉన్నాయి. 53:11లో సేవకుడు "వెలుగు చూస్తాడు" అని ఈ చుట్టలో ఉంది, సంప్రదాయ హీబ్రూ పాఠంలో "వెలుగు" లేదు. గొల్యాతు ఎత్తు మన బైబిల్లో ఆరు మూరల జేన, అంటే తొమ్మిది అడుగుల పైమాటే. నాలుగో గుహలోని సమూయేలు ప్రతిలో, గ్రీకు అనువాదంలో నాలుగు మూరల జేన, సుమారు ఆరడుగుల తొమ్మిదంగుళాలు. యిర్మియా గ్రీకులో ఎనిమిదో వంతు చిన్నది, ఆ పొట్టి పాఠానికి సరిపడే హీబ్రూ ముక్కలూ కుమ్రాన్‌లో దొరికాయి.

ప్రశ్న: హీబ్రూ బైబిల్ కొన్నాను. కీర్తనల వచనాలు తెలుగుతో కలవడం లేదు. అచ్చుతప్పా?
– పాఠకురాలు, హైదరాబాద్

కాదు. "ప్రధానగాయకునికి..." వంటి శీర్షికకు హీబ్రూలో వచన సంఖ్య ఉంటుంది. 51వ కీర్తన తెలుగులో 19 వచనాలు, హీబ్రూలో 21. తెలుగు సంఖ్యకు ఒకటో రెండో కలిపి చూసుకోండి. కీర్తనల బయటా కొన్నిచోట్ల సంఖ్యలు కలవవు: యెషయా 9:6 అక్కడ 9:5, యోవేలు 2:28 అక్కడ 3:1, మలాకీ 4:1 అక్కడ 3:19.