స్ప్రింగులు, చక్రాలు మార్చిన కారుకు బీమా సొమ్ము రాదా?

ప్రశ్న: మాది నల్లగొండ. మిర్యాలగూడలో మా రైస్ మిల్లుకు రోజూ నా కారులోనే వెళ్లివస్తాను. అది నాన్నగారు పోయే ముందు కొనిచ్చిన సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు. 2023 అక్టోబరులో 30 మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగులు, 17 అంగుళాల చక్రాల స్థానంలో 19 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాను. 2024 జనవరిలో పాలసీ రెన్యూవల్ చేశాను. ఆ మేలో ధాన్యం ట్రాక్టర్ ఒకటి పొలం బాట నుంచి వెనక్కి వస్తూ మా కారును ఎడమ వైపు గుద్దింది. నా భార్య చేతికి దెబ్బ తగిలింది. పోలీసు కేసు అయింది, ఎంవీఐ (మోటారు వాహనాల తనిఖీ అధికారి) వచ్చి రెండు బళ్లూ చూశారు. ‘వాహనంలో అనధికార మార్పులు చేశారు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉల్లంఘన’ అంటూ బీమా కంపెనీ 2024 ఆగస్టు 22న క్లెయిమ్ తిరస్కరించింది. ఎన్నో మెయిళ్లు పెడితే 2025 మార్చిలో మళ్లీ కాదన్నారు. సొంత సొమ్ము 7,80,000 రూపాయలు పెట్టి బాగు చేయించుకున్నాను. ఇప్పుడు పాత చక్రాలే వేశాను, స్ప్రింగులు మాత్రం అవే ఉన్నాయి. మార్పులన్నీ ప్రమాదం తర్వాతే చేసినట్టు పాత తేదీతో బిల్లు ఇస్తానని షాపు అతను అంటున్నాడు. అది పెట్టి కేసు వేయవచ్చా? – ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు నాన్నగారి జ్ఞాపకం, ఆ కారు మీద మీకున్న ప్రేమ. వాటి గురించి నేనేమీ రాయడం లేదు, వినియోగదారుల కమిషన్ ముందు వాటితో పని లేదు. మీ కేసును నిలబెట్టే మాటను మీరు చివరి పేజీలో, ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు: ‘ఎంవీఐ వచ్చి రెండు బళ్లూ చూశారు.’

మనుషులకు దెబ్బలు తగిలిన రోడ్డు ప్రమాదంలో కేసు నమోదైతే, మోటారు వాహనాల తనిఖీ అధికారి వాహనాలను పరిశీలించి పోలీసులకు రిపోర్టు ఇస్తారు. బ్రేకులు ఎలా ఉన్నాయి, ఎక్కడెక్కడ దెబ్బతింది అన్నవి రాసి, ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగిందా లేదా అన్నది కూడా అందులో చెబుతారు. మీ కారు విషయంలో ‘యాంత్రిక లోపం వల్ల కాదు’ అని ఉంటే, మీ వాదనలో సగం ఒక ప్రభుత్వ అధికారి చేతిరాతతో సిద్ధంగా ఉన్నట్టే. రెండేళ్లలో ఆ కాగితం మీరు ఒక్కసారి కూడా తెప్పించుకోలేదు. రేపే చార్జిషీటు వేసిన కోర్టులో దరఖాస్తు పెట్టి ఎఫ్ఐఆర్, ఘటనా స్థల పంచనామా, రఫ్ స్కెచ్, ఎంవీఐ రిపోర్టు, చార్జిషీటు అన్నింటికీ ధ్రువీకరించిన నకళ్లు తీసుకోండి.

ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. మార్పు చేశారా లేదా అన్నది ఈ కేసులో ప్రశ్న కాదు. చేశారు, నష్టం అంచనా వేసిన బీమా సర్వేయర్ ఫొటోల్లో కనబడుతూనే ఉంది. ఆ మార్పు ప్రమాదానికి కారణమా అన్నదే ప్రశ్న. బి.వి. నాగరాజు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. సరుకుల బండిలో ఆరుగురు ఎక్కవలసిన చోట తొమ్మిది మంది ఉన్నారని బీమా కంపెనీ డబ్బు ఎగ్గొట్టింది. ఆ అదనపు మనుషుల వల్ల ప్రమాదం జరగలేదు కాబట్టి పరిహారం ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. 2010లో అమలేందు సాహు కేసులో, షరతు ఉల్లంఘన ఉన్నా క్లెయిమ్‌ను పూర్తిగా తోసిపుచ్చకుండా ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో కొంత తగ్గించి ఇవ్వాలని చెప్పింది. ట్రాక్టర్ వెనక్కి వచ్చి మీ తలుపును గుద్దింది. మీ కారు 30 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నా ఆ ట్రాలీ గుద్దకుండా ఆగేది కాదు.

మార్పు చట్టబద్ధమేనని వాదిద్దామని మీ మిత్రులు సలహా ఇచ్చారట. ఆ దారిలో ఎక్కువ దూరం పోకండి. ఆర్‌సీలో ఉండే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీట్లు, బరువు వంటి వివరాలేవీ మారలేదు కదా అన్న వాదన ఉంది, దాన్ని రెండో వరుసలో పెట్టుకుందాం. కానీ తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరి 9న కె. జయచంద్ర కేసులో చెప్పింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. చేసిన తప్పును తప్పు కాదని గొంతు చించుకునే కన్నా, ఆ తప్పుకూ ఈ ప్రమాదానికీ సంబంధం లేదని చూపడమే మీకు బలం.

ఇక తిరస్కరణ లేఖ. మీరు పంపిన నకలును రెండుసార్లు చదివాను. అందులో ఉన్నది ఒక్కటే కారణం: అనధికార మార్పు, సెక్షన్ 52. ఆ మార్పు వల్లే ప్రమాదం జరిగిందని లేదు. రెన్యూవల్ సమయంలో దాచారనీ లేదు. లేఖలో లేని కారణాలను కంపెనీ తర్వాత కోర్టులో కొత్తగా తేవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2016లో గలాడా పవర్ కేసులో చెప్పింది. ఇది మీ అదృష్టం, ఎందుకంటే మీ కేసులో నిజంగా బలహీనమైన చోటు ఆ రెన్యూవలే. 2023 అక్టోబరులో మార్పు చేశారు, మూడు నెలలకే పాలసీ తీసుకున్నారు. మార్పుల గురించి ప్రపోజల్ ఫారంలో అడిగి ఉంటే ఏమని నింపారు? ఏజెంటు నింపాడు, నాకు గుర్తు లేదు అని రాశారు. మిల్లులో లారీ కాటా చీటీ మీద అంకె చూడకుండా సంతకం పెడతారా? పెట్టరు కదా. ఆ ఫారం నకలు, సర్వేయర్ నివేదిక నకలు కావాలని కంపెనీకి ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. అందులో ‘లేదు’ అని టిక్కు ఉంటే నాకు ముందుగా చెప్పండి, ఎదుటి వకీలు చెబితే వినే పరిస్థితి తేకండి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు 2025 మార్చి నాటి చివరి మెయిల్ నుంచి లెక్కపెట్టుకుని 2027 దాకా సమయం ఉందనుకుంటున్నారు. లేదు. గడువు మొదటి తిరస్కరణతో మొదలైంది. ఆ తర్వాత మీరెన్ని విన్నపాలు పంపినా, వాళ్లెన్నిసార్లు కాదన్నా గడియారం మళ్లీ మొదటికి రాదు. 2026 ఆగస్టు 21 లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. మీ ఉత్తరం నాకు చేరింది జూలై మొదటి వారంలో. చేతిలో ఏడు వారాలు కూడా లేవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి. ‘మెయిళ్లు పెడుతూ కూర్చున్నాను’ అన్నది కారణం కిందికి రాదు. హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఖర్చు లేకుండా వెళ్లే దారి ఉండేది. అక్కడ గడువు ఒక్క ఏడాదే. ఏ తేదీ నుంచి లెక్కపెట్టినా అది దాటిపోయింది.

షాపు అతను ఇస్తానన్న బిల్లు సంగతి. దాన్ని ముట్టుకోకండి. 2024 మేలోనే సర్వేయర్ తీసిన ఫొటోల్లో ఎర్ర స్ప్రింగు, 19 అంగుళాల చక్రం స్పష్టంగా ఉన్నాయి. ఆ ఫొటోలను అబద్ధం చేసే బిల్లు మీరు దాఖలు చేసిన రోజే మీ ట్రాక్టర్ కథ కూడా అబద్ధమైపోతుంది, నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. పైగా భారతీయ న్యాయ సంహితలో తప్పుడు సాక్ష్యానికి 229, మోసానికి 318, ఫోర్జరీకి 336, దొంగ పత్రాన్ని అసలుదిగా వాడినందుకు 340 సెక్షన్లు ఉన్నాయి. గెలిచే కేసును చేజేతులా క్రిమినల్ కేసుగా మార్చుకోవడం ఇది. అతనికి ఫోను చేసి వద్దని చెప్పండి. 2023 అక్టోబరు నాటి అసలు బిల్లు ఏదో అదే తెచ్చుకోండి.

పగిలిన రిమ్ము, వంగిన లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది చేయి) మిల్లు వెనక షెడ్డులో ఊక బస్తాల పక్కన పడి ఉన్నాయని, పాత ఇనుప సామాన్ల వాడికి వేయబోతున్నానని రాశారు. దయచేసి ఆపండి! ఎదుటివాళ్లు రేపు ఏమంటారో ఇప్పుడే ఊహించవచ్చు. టైరు గోడ పలచబడింది, అందుకే రిమ్ము పగిలింది, బండి అదుపు తప్పింది అంటారు. ఆ మాటలో కొంత పస ఉంది కూడా. మీ ఫొటోల్లో పాత టైరు 225/45 ఆర్17, కొత్తది 235/35 ఆర్19. పాతదాని గోడ ఎత్తు సుమారు 101 మిల్లీమీటర్లు, కొత్తదానిది 82. గుంతలో పడితే రిమ్ముకు దెబ్బ తగిలే అవకాశం పెరిగిన మాట నిజమే. కానీ రెండు టైర్ల మీదా బరువు సూచిక 91 అని ఉంది, అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. మోసే శక్తి తగ్గలేదు. చక్రం మొత్తం వ్యాసం 634 మిల్లీమీటర్ల నుంచి 647కు, అంటే రెండు శాతం పెరిగింది, అంతే. అన్నిటికన్నా ముఖ్యం, రిమ్ము ఎటు నుంచి పగిలింది? గుంతలో పడి ఉంటే రోడ్డును తాకే అంచు లోపలికి వంగి ఉంటుంది. ట్రాలీ పక్క నుంచి గుద్ది ఉంటే చువ్వలు బయటి నుంచి లోపలికి విరిగి ఉంటాయి, దాని రంగు కూడా అంటి ఉండవచ్చు. ఈ సంగతి చెప్పగలిగింది ఆ రిమ్ము ఒక్కటే. లైసెన్సు ఉన్న స్వతంత్ర సర్వేయర్‌తోనో ఆటోమొబైల్ ఇంజినీరుతోనో దాన్ని చూపించి, అభిప్రాయం రాతపూర్వకంగా అఫిడవిట్‌తో తీసుకోండి. మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ మీద చక్రం రాసుకున్న మెరుపు గీతలు ఉన్నాయేమో కూడా ఆయన చూడాలి. ఉంటే అది మనకు వ్యతిరేకం, ముందే తెలియాలి.

ఫోనులో ఉన్న ప్రమాదం నాటి ఫొటోలను వాట్సాప్‌లో పంపుకున్న నకళ్లుగా కాకుండా అసలు ఫైళ్లుగా భద్రం చేయండి. ఫోను మార్చే ఆలోచన ఉంటే ఆగండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ ఆధారాలకు కావలసిన సర్టిఫికెట్ జత చేయాలి.

ఫిర్యాదు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, మీరుండే చోట వేసే హక్కు చట్టమే ఇచ్చింది. విలువను మీరు కట్టిన ప్రీమియం బట్టి చూస్తారు, అది 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. మరమ్మతు బిల్లులో కారు తయారీ కంపెనీ అసలు భాగాల ఖర్చు మాత్రమే అడగండి. కొత్త స్ప్రింగులు, అల్లాయ్ చక్రాల ఖరీదు అడగవద్దు. వాటిని పాలసీలో చేర్చలేదు, ప్రీమియం కట్టలేదు. ఆ మొత్తం వదులుకుంటే మిగతాది అడిగే నోటికి బలం వస్తుంది. టైర్లు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు పోతుందని కూడా తెలుసుకోండి. 7,80,000 పూర్తిగా వస్తుందని ఇంట్లో చెప్పి పెట్టకండి.

ఇప్పటికీ అవే స్ప్రింగులతో రోజూ మిర్యాలగూడ వెళ్లివస్తున్నారు, ఇప్పుడున్న పాలసీకీ ఆ సంగతి చెప్పలేదు. ఇంత జరిగాక కూడా! ప్రమాదం మళ్లీ జరిగితే అప్పుడు ‘నాకు తెలియదు’ అనే మాట కూడా మీకు మిగలదు. ఈ వారమే అసలు స్ప్రింగులు వేయించండి. అవి దొరికేదాకా మార్పు సంగతి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, చేరినట్టు రసీదు దాచుకోండి. తీసిన స్ప్రింగులను కూడా రిమ్ము పక్కనే పెట్టి, సంచికి తేదీ రాసిన చీటీ కట్టండి. నకళ్లు అన్నీ చేతికి వచ్చినా రాకపోయినా ఆగస్టు మొదటి వారంలో వకాలత్ మీద సంతకానికి రండి. మిగిలిన కాగితాలు తర్వాత జత చేసుకోవచ్చు, తేదీని మాత్రం తర్వాత జత చేయలేం.