డెక్‌కి చెక్కా, కాంపోజిటా?

చిరంజీవి అమ్మలుకి,

మామయ్య దీవెనలు. తోటలో డెక్, అదే పలకల అరుగు, వేయిద్దామనుకుంటున్నామని, దానికి చెక్క వేయాలో, ప్లాస్టిక్ కలిపిన కాంపోజిట్ పలక వేయాలో తేలక ఇద్దరూ తలలు పట్టుకు కూర్చున్నామని రాశావు. నువ్వు పంపిన శాంపిల్ పలకల ఫోటోలు ఒకటికి రెండుసార్లు చూశాను. రంగులు బాగానే ఉన్నాయి. కానీ ఆ పలకల కింద ఏం వేస్తారో మాత్రం నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అందుకే నేను అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

ఇన్నేళ్లలో వేసిన డెక్కులకంటే విప్పిన డెక్కులే నాకు ఎక్కువ నేర్పాయి. ఒకసారి ఒక కాంపోజిట్ డెక్ మూల దగ్గర ఊగుతోందని పిలిచారు. పలక లేపి చూస్తే దానికేం కాలేదు, కడిగితే కొత్తదానిలా ఉంది. దాన్ని మోస్తున్న దూలానికి స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కితే తడి మట్టిలో దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. స్క్రూ దిగిన ప్రతిచోటా నల్లటి మచ్చ, చుట్టూ చివికిపోయిన చెక్క. పైన కాంపోజిట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నారు పాపం. కింద ఉన్నది మామూలు చెక్క, అదీ నేలకు ఆనుకుని, గాలి ఆడకుండా. చాలా కాంపోజిట్ డెక్కులకు కింద ఉండేది చెక్క ఫ్రేమే అమ్మలూ.

చెక్క పుచ్చడమంటే దాన్ని శిలీంధ్రం తినడమే. లోపలి తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం దాని ఆటలు సాగవు. కాబట్టి చెక్క తడిసినా ఫరవాలేదు, త్వరగా ఆరాలి. ఫ్రేమ్ నేలకు ఎత్తుగా ఉండాలి. పక్కలు పూర్తిగా మూసెయ్యకూడదు. ఇంటి గోడ నుంచి బయటికి మీటరుకు ఒక సెంటీమీటరైనా వాటం ఉండాలి. పలకకీ పలకకీ మధ్య 5, 6 మిల్లీమీటర్ల సందు వదలాలి. దూలాల నెత్తిన అంటించే టేపు దొరుకుతుంది, స్క్రూ కన్నంలోంచి నీళ్లు దిగకుండా కాస్తుంది. అది తప్పకుండా వేయించు. ఇంకొకటి, పుచ్చకుండా మందు పట్టించిన చెక్కలో ఇప్పుడు ఎక్కువగా రాగి ఉంటుంది, మామూలు ఇనప స్క్రూలను అది తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలువే అడుగు.

ఇక పైన వేసే పలక. కాంపోజిట్ అంటే చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి, వేడిచేసి అచ్చులోంచి తీసిన పలక. తొలి రోజుల్లో వచ్చినవాటికి పైన తొడుగు ఉండేది కాదు. లోపలి చెక్కపొడి తడి పీల్చుకుని బూజు పట్టేది, నూనె పడితే మరక పోయేది కాదు. ఇప్పుడు ప్లాస్టిక్ తొడుగు వేసినవి వస్తున్నాయి, తీసుకుంటే అవే తీసుకో. బోలు పలకలు వద్దు, వాటి లోపల నీళ్లు చేరతాయి. గట్టి పలకలే అడుగు.

దీనికి ఏటా నూనె పట్టించక్కర్లేదు, పేడు లేచి కాల్లో దిగదు. ఆ సుఖం నిజమే. కానీ "మెయింటెనెన్స్ అసలు ఉండదు" అంటే నమ్మకు. నీడలో, ఆకులు రాలే చోట దీనిమీదా పాకుడు పడుతుంది, కాలు జారుతుంది. చీపురు, సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు తప్పవు. కుర్చీ ఈడ్చి లోతుగా గీత పడితే అది ఉండిపోతుంది, చెక్కలా సాండ్‌పేపర్ పట్టి పోగొట్టలేం. ఎండకు పలక పొడవునా సాగుతుంది కాబట్టి చివర్లలో సందు కంపెనీ కాగితంలో రాసినంతా వదలాలి. దూలాలు కూడా దగ్గరగా పడాలి. ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకు 400 మిల్లీమీటర్లు దాటితే పలక కుంగే ప్రమాదముంది.

అన్నిటికన్నా ముందు ఒక పని చెయ్యి. రెండు శాంపిల్ ముక్కల్నీ డెక్ రాబోయే చోటే పెట్టి, మిట్టమధ్యాహ్నం చెప్పులు విప్పి వాటిమీద నిలబడు. ముదురు రంగు కాంపోజిట్ అయితే అరికాలు చురుక్కుమంటుంది. చెక్క అంతగా కాలదు. షోరూమ్‌లో ఏసీ కింద ఈ తేడా ఎవరికీ తెలియదు.

చెక్క మీద నాకు ప్రేమ ఎక్కువ, దాచను. అయితే ఏ చెక్కయినా చేవ భాగమే, అంటే మాను లోపలి గట్టి చెక్కే కావాలి, బెరడు కిందుండే పైపొర చెక్క బయట నిలవదు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి వానను బాగా తట్టుకుంటుంది. ఎండ తగిలేకొద్దీ ఏ చెక్కయినా బూడిదరంగుకు తిరుగుతుంది. అది జబ్బు కాదు, కంగారుపడకు. పాత రంగే కావాలంటే మాత్రం దాదాపు ఏటా కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఒక పలక పాడైతే అదొక్కటీ మార్చుకోవచ్చు, మిగతాదాన్ని సాండ్‌పేపర్ పట్టి మళ్లీ కొత్తగా తేవచ్చు.

మీ ఇద్దరివీ ఉద్యోగాలు. పాప ఇంకా పాకుతోంది. డెక్ పక్కనే పెద్ద చెట్టు, మధ్యాహ్నం దాటితే అంతా నీడే అన్నావు. ఏటా రెండు రోజులు బ్రష్షు పట్టుకుని కూర్చునే తీరిక మీకు ఉంటుందని నాకు అనిపించడం లేదు. నూనె పట్టించలేక వదిలేసిన చెక్కకు బీటలు వారతాయి, పేడు లేస్తుంది, అది పాప చేతుల్లోనే గుచ్చుకుంటుంది. మీకు నా మాట లేత రంగు కాంపోజిట్. డబ్బు సరిపోకపోతే డెక్ కాస్త చిన్నది చేసుకోండి గానీ, ఫ్రేమ్ దగ్గర మాత్రం తగ్గించొద్దు.

ఫ్రేమ్ పూర్తయ్యాక, పలకలు బిగించకముందు, నాకు ఫోటోలు పంపు. మూలలవి, గోడకు ఆనే చోటివి దగ్గరగా తియ్యి. నేను చూసి చెప్పేదాకా ఒక్క పలక కూడా బిగించొద్దని మేస్త్రీకి చెప్పు.

ప్రేమతో,
మామయ్య