నల్లగొండ ఎంపీ సీటు చరిత్ర అంటే నాకు 1996 ఒక్కటే

ప్రశ్న ఇది: "నల్లగొండ లోక్‌సభ స్థానం ఒకప్పుడు కమ్యూనిస్టుల కంచుకోట కదా, ఇప్పుడు ఎందుకు కాదు? ఆ సీటు చరిత్రలో అసలు మలుపు ఏది?"

ఎవరిని అడిగినా 1952 దగ్గర మొదలుపెడతారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండడంతో రావి నారాయణరెడ్డి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరు మీద నిలబడి, దేశంలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. నిజమే. దీన్ని ఎత్తగానే "నల్లగొండ అప్పుడు ద్విసభ్య స్థానం, ఓటరుకు రెండు ఓట్లు, అందుకే అన్ని వచ్చాయి" అని తీసిపారేసేవాళ్లు ఉంటారు. అయ్యా, నెహ్రూ గారు నిలబడ్డదీ ద్విసభ్య స్థానమే. లెక్క లెక్కే.

ఆ తర్వాతి కథ టూకీగా చెబుతాను. 1962లో మళ్లీ రావి నారాయణరెడ్డి. 1967లో కాంగ్రెస్, 1971లో ప్రత్యేక తెలంగాణ గాలిలో తెలంగాణ ప్రజా సమితి, 1984లో టీడీపీ. అంటే కంచుకోటకు అప్పటికే చాలా కన్నాలున్నాయి. 1991, 1996లో సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం, 1998, 2004లో అదే పార్టీ నుంచి సురవరం సుధాకర్ రెడ్డి. మధ్యలో 1999లో టీడీపీ నుంచి గుత్తా సుఖేందర్ రెడ్డి. ఆయనే 2009, 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచి తర్వాత టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2019లో ఉత్తమ్ కుమార్ రెడ్డి. 2024లో కుందూరు రఘువీర్ రెడ్డి 5 లక్షల 59 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. టీవీల వాళ్లకు ఇంతవరకు చాలు.

నా మటుకు నాకు మలుపు 1996. 480 మంది అభ్యర్థులు. ఒక్క ఎంపీ సీటుకు!

అప్పుడు నేను లెక్కల టీచర్ని. టీచర్ అంటే ఎలక్షన్ డ్యూటీ రాసిపెట్టి ఉన్నట్టే. జనాభా లెక్కలూ మేమే, ఓటరు లిస్టులూ మేమే, పోలింగూ మేమే. మధ్యలో తీరిక దొరికితే పాఠం చెప్పాలి. ఆసారి నామినేషన్లు ఇన్ని పడ్డాయని తెలిశాక మా స్టాఫ్‌రూంలో ఒకటే టెన్షన్. బ్యాలెట్ ఎట్లా అచ్చేస్తారు, పెట్టెలో ఎట్లా పడుతుంది, లెక్కింపు ఎన్నాళ్లు పడుతుంది? మిగతా రాష్ట్రంతో పాటు జరగాల్సిన పోలింగ్ మాకు వాయిదా పడింది కూడా ఇందుకే.

ఇన్ని నామినేషన్లు ఎందుకంటే నీళ్ల కోసం. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు, అక్కడ దానికి ఎన్నో రెట్లు. పిల్లలకు పళ్లు గారపడతాయి, కాళ్లు వంకరపోతాయి, నలభై ఏళ్లకే నడుము వంగి లేవదు. కృష్ణా నది జిల్లా అంచునే పారుతుంది, సాగర్ డ్యాం ఈ జిల్లాలోనే ఉంది, అయినా ఈ ఊళ్లకు చుక్క రాదు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి వాళ్లు అర్జీలు పెట్టీ పెట్టీ విసిగి, చివరకు నామినేషన్లే అర్జీలుగా వేశారు.

డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో సామాను తీసుకునేటప్పుడు చూశాను ఆ బ్యాలెట్‌ని. కాగితం కాదు, పుస్తకం. పేజీల నిండా పేర్లు, పక్కన బొమ్మలు. ఇంట్లో ఉండే సామానంతా ఆ బొమ్మల్లోనే ఉన్నట్టుంది. అప్పట్లో పేర్లన్నీ అక్షరక్రమంలోనే వచ్చేవి, పెద్ద పార్టీ అయినా స్వతంత్రుడైనా ఒకటే వరస. అందుకని కంకి కొడవలి ఒక పేజీలో, చెయ్యి ఎక్కడో ఇంకో పేజీలో, సైకిల్ మరోచోట. ప్రతి పుస్తకం వెనకా ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకం పెట్టాలి. మా ప్రిసైడింగ్ ఆఫీసర్ రాత్రి లాంతరు ముందు కూర్చుని పెడుతూనే ఉన్నాడు. తెల్లారేసరికి అది సంతకంలా లేదు, గీతలా ఉంది.

పొద్దున పోలింగ్ మొదలైంది. మామూలుగా ఒక మనిషి లోపలికి పోయి ముద్ర కొట్టి బయటికి రావడానికి ఎంతసేపు? ఆరోజు అట్ట చాటుకు పోయిన మనిషి రాడే! పేజీలు తిప్పుతున్న చప్పుడు మాత్రం వినపడుతుంది. ఒక ముసలమ్మ లోపలి నుంచే కేకేసింది: "సారూ, కంకి కొడవలి ఏడున్నదే? ఎంత తిప్పినా గిన్నెలూ గంపలే వస్తున్నయి!" ఏజెంట్లంతా నవ్వారు. చెబుదామంటే రూలు ఒప్పుకోదు. "నిమ్మళంగా చూసుకో అమ్మా, తొందర లేదు" అన్నాను. బయట లైనులో వాళ్లు తిడుతున్నారు. పుస్తకం మడిస్తే మడతపడదు, పెట్టెలో వేస్తే దిగదు. స్కేలు పెట్టి కుక్కడమే నా పని అయిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఒకాయన వచ్చాడు. నడుము వంగి చేతులు మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. వయసు నాకంటే తక్కువే ఉంటుంది. బ్యాలెట్ ఇస్తే తిరగేసి చూసి, "నా పేరు ఏ పేజీల పడ్డదో చెప్తవా సారూ" అన్నాడు. ఆయన కూడా అభ్యర్థే! ఏజెంట్లు ఒక్కసారిగా నోళ్లు మూశారు. చెప్పకూడదన్నాను. "పోనీ తియ్, నేనే ఎతుక్కుంట" అని అట్ట చాటుకు పోయాడు. చాలాసేపటికి బయటికొచ్చి పెట్టెలో వేయబోతే దిగలేదు. నేను స్కేలుతో తోస్తుంటే ఉండబట్టలేక అడిగాను, గెలవరని తెలిసీ ఎందుకు నిలబడ్డారు అని. "గెలుస్తమని ఎవలన్నరు? గిన్ని పేజీలు తిప్పేటప్పుడన్న గీళ్లెవలని అడుగుతరు గదా" అన్నాడు. ఎన్నికల మీద నేను విన్న విశ్లేషణల్లో దీన్ని మించింది లేదు.

డిపాజిట్లు పోయాయి కదా, ఏం సాధించారు అని వెక్కిరించేవాళ్లకు లెక్కల టీచర్‌గా ఒక మాట. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. కాబట్టి ఎంతమంది నిలబడినా ఐదుగురికి మించి దక్కే అవకాశమే లేదు. తెలిసే పోగొట్టుకున్నారు. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. 480 మందీ పూర్తి మొత్తం కట్టారనుకున్నా 2 లక్షల 40 వేలు. ఆ డబ్బుతో దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడింది. పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన ఇచ్చినా అంత పని జరగదు.

మరి ఢిల్లీ ఏం చేసింది? అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ని 10 వేలు చేసింది. స్వతంత్రులకు పది మంది ప్రతిపాదకులు కావాలంది. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు బ్యాలెట్‌లో పైకి ఎక్కించింది. 2010లో డిపాజిట్ 25 వేలైంది. ఇప్పుడు అదే 480 మంది నిలబడాలంటే కోటీ 20 లక్షలు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు సగమే అయినా, కూలి చేసుకునే మనిషి ఎక్కడి నుంచి తెస్తాడు? నీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది గానీ ఈ సవరణకు నెలలు చాలాయి. మిగతా రాష్ట్రాల్లోనూ అభ్యర్థులు వందల్లో నిలబడ్డారు, అందుకే మార్చామంటారు. నేను ఒప్పుకోను, నల్లగొండను చూసే భయపడ్డారు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. సాగర్ నీళ్లను పుట్టంగండి నుంచి ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయర్‌కు తెచ్చారు, అక్కడి నుంచి హైదరాబాద్‌కూ పంపారు. పైపులు పోయే దారిలో ఊళ్లు నోరు తెరుచుకుని చూశాయి. మిషన్ భగీరథ వచ్చాక తాగునీటి కష్టం చాలావరకు తీరింది, కాదనను. కానీ కృష్ణా నీళ్లను ఈ జిల్లాకు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లది, ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో అది కూలి 8 మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు.

ఇక మీరు అడిగిన ఎర్రజెండా సంగతి. రెండు కారణాలు. ఒకటి, సొంత బలం వదిలి పొత్తుల మీద బతకడం. 2004లో కాంగ్రెస్ పొత్తుతో గెలిచారు, 2009లో టీడీపీ, టీఆర్ఎస్‌లతో కట్టిన మహాకూటమితో ఓడారు, ఆ తర్వాత గెలిచిందే లేదు. రెండోది ఎవరూ పట్టించుకోనిది: పునర్విభజన. మిర్యాలగూడ ఎంపీ సీటు ఎత్తేసి, భువనగిరి కొత్తగా పెట్టారు. మునుగోడు, భువనగిరి అటు పోయాయి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట ఇటు వచ్చాయి. రావి నారాయణరెడ్డి ఊరు బొల్లేపల్లి భువనగిరి పక్కనే. పేరు నల్లగొండే గానీ ఊళ్లు మారాయి. పాత నల్లగొండతో పోల్చి "కోట కూలింది" అనడంలో అర్థం లేదు. కోటలో సగాన్ని పక్కింటివాళ్లకు రాసిచ్చారు.

మా తర్వాత ఆ దారిలో నడిచింది నిజామాబాద్ రైతులు. 2019లో 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులే. పసుపు బోర్డు, మద్దతు ధర అడిగారు. ఒక్కో బూత్‌లో 12 ఈవీఎం యూనిట్లు పరిచారు. సిట్టింగ్ ఎంపీ కవిత 70 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. 2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చిందంటే ఆ నామినేషన్ల చలవే అంటాను, ఎవరు కాదన్నా సరే.

కొత్త ఈవీఎంలకు 24 యూనిట్లు కలపొచ్చు, ఒక్కోదానికి 16 మీటలు, అంటే నోటాతో కలిపి 384 పేర్లే పడతాయి. మళ్లీ ఎవరైనా 480 మంది తేలితే తిరిగి కాగితం బ్యాలెట్టే దిక్కు. నేను రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, వెయ్యండి నామినేషన్లు.