ఏ తత్వాన్ని పట్టుకోవాలి? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

జీవితానికి ఒక తత్వాన్ని ఎంచుకోవడం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 34. భగవద్గీత వ్యాఖ్యానాలు చదివాను, బుద్ధుడి బోధనలు చదివాను. ఈమధ్య యూట్యూబ్‌లో స్టోయిక్కుల (ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వవేత్తల) గురించి వింటున్నాను. చదివినంతసేపూ ప్రతిదీ నిజమే అనిపిస్తుంది. వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. వీటిలో నాకు సరిపోయేది ఏదో ఎలా తేల్చుకోవాలి?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: పుస్తకాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఏ తత్వం గొప్పది అని మొదలుపెడితే ఈ విచారణ తెగదు, పండితులకే తెగలేదు. మీరు పదేపదే ఎక్కడ తడబడుతున్నారో అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

రెండు వారాలపాటు ఒక చిన్న నోటుబుక్కు దగ్గర ఉంచుకోండి. రోజూ పడుకునే ముందు, ఆ రోజు మనసు పాడైన ఒక్క సంఘటన మూడు లైన్లలో రాయండి. ఏం జరిగింది, నేనేం చేశాను, ఆ క్షణాన నాకేం కావాలనిపించింది. ఈ మూడో లైను రాయడం కష్టం, చాలామంది దాన్నే వదిలేస్తారు. ఒక మచ్చు చూడండి: “తోడల్లుడు కొత్త కారు కొన్నాడు. రాత్రి పదకొండు దాకా ఫోన్లో కార్ల ధరలు చూస్తూ కూర్చున్నాను. అత్తగారింట్లో నాకూ ఆ మర్యాద దక్కాలనిపించింది.” మొదటి రెండు లైన్లే చదివితే ఇది డబ్బు సమస్య. మూడోది చదివాక ఇది పరువు సమస్య అని తెలుస్తుంది. ఈ రెండింటికీ చికిత్స ఒకటి కాదు.

పద్నాలుగు రాశాక అన్నీ ఒకేసారి చదివి గుంపులు చేయండి. కోపం, పోలిక, ఫలితం ఏమవుతుందోనన్న బెంగ, వాయిదా వేయడం, పోయినదాన్ని పట్టుకు వేలాడటం. ఏదో ఒక గుంపు మిగతావాటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. మీ ఎంపికకు అదే దారి చూపుతుంది.

కోపం ఎక్కువైతే సెనెకా దగ్గరికి వెళ్లండి. ఆ రోమన్ స్టోయిక్కు కోపం మీదే మూడు భాగాల గ్రంథం రాశాడు. కోపానికి అన్నిటికంటే పెద్ద మందు ఆలస్యం చేయడమేనని ఆయన తేల్చాడు. పోలికా, ఖర్చులూ బాధిస్తుంటే గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్. ఆయన పేరు చెబితే విలాసమనుకుంటారుగానీ, చిన్న గిన్నెడు జున్ను పంపితే విందు చేసుకుంటానని స్నేహితుడికి కబురు పెట్టిన మనిషి ఆయన. కోరికలను ఆయన మూడుగా విడదీశాడు: సహజమూ అవసరమూ అయినవి, సహజమేగానీ అవసరం లేనివి, రెండూ కానివి. ఆకలికి అన్నం మొదటి రకం, ఖరీదైన వంటకం రెండోది, నలుగురిలో గొప్పగా కనిపించాలన్నది మూడోది. మూడో రకానికి హద్దు ఉండదు గనక ఎంత పోసినా నిండదని ఆయన వాదన. ఫలితం గురించిన బెంగకు గీతలోని కర్మయోగం, పోయినదాన్ని వదల్లేకపోవడానికి బౌద్ధంలోని అనిత్య భావన, అంటే ఏదీ శాశ్వతం కాదన్న ఎరుక.

తత్వం దొరికాక దాన్నుంచి ఒకే ఒక నియమం తయారు చేసుకోండి. “ప్రశాంతంగా ఉంటాను” అన్నది నియమం కాదు. పాటించారో లేదో రాత్రికి ఎవరూ చెప్పలేరు. “కోపంగా ఉన్నప్పుడు రాసిన మెసేజ్ మర్నాడు పొద్దున దాకా పంపను” అన్నది నియమం. ఎప్పుడు, ఏం చేయాలి, ఎంతసేపు అన్నవి మూడూ అందులో ఉన్నాయి. పాటించారా అంటే అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పగలగాలి.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసిన ఏర్పాటు ఇక్కడ బాగా పనికొస్తుంది. పదమూడు సుగుణాలను ఎంచుకుని, ఒక్కోదానికి ఒక పేజీ కేటాయించాడు. ఎర్ర సిరాతో గీతలు గీసి, నిలువుగా వారంలో ఏడు రోజులు, అడ్డంగా పదమూడు గుణాలు వేసుకున్నాడు. తప్పిన చోట నల్ల చుక్క పెట్టేవాడు. అన్నిటి మీదా ఒకేసారి పడకుండా వారానికి ఒక్కదాని మీద గట్టిగా దృష్టి పెట్టేవాడు. పదమూడు వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. వాటిలో ఆయన్ని బాగా ఏడిపించింది క్రమపద్ధతి అనే గుణం. దానికి కారణం కూడా ఆయనే చెప్పాడు: తన వేళలు తన చేతిలో ఉండే పనివాడికి అది కుదురుతుందేమోగానీ, వచ్చేపోయేవాళ్ల వేళలను బట్టి నడవాల్సిన యజమానికి కష్టం. మీ నియమం కూడా మీ ఉద్యోగానికి తగ్గట్టు ఉండాలి. నైట్ షిఫ్టు చేసేవాళ్లు బ్రాహ్మీ ముహూర్తంలో ధ్యానం పెట్టుకుంటే నాలుగో రోజుకే వదిలేస్తారు, తర్వాత తమకు పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. తప్పు నియమంలో ఉంది.

తప్పిన రోజు చుక్క పెడుతూ నాలుగు వారాలు నడపండి. చుక్కలు తగ్గితే ఆ తత్వం మూలగ్రంథం అప్పుడు చదవండి. ఉదాహరణకు, స్టోయిక్కు ఎపిక్టెటస్ ‘ఎన్‌కిరిడియన్’ 53 చిన్న అధ్యాయాలు, రెండు సాయంత్రాల చదువు.

ప్రశ్న: గీతలో చెప్పిన నిష్కామకర్మను ఆచరించాలని నిర్ణయించుకున్నాను. అందుకే ఆఫీసులో ఇంక్రిమెంటు గురించి అడగడం మానేశాను. నా తర్వాత చేరినవాళ్ల జీతం నన్ను దాటిపోయింది. లోపల మాత్రం రగిలిపోతోంది. ఎక్కడ పొరపాటు?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండో అధ్యాయం 47వ శ్లోకంలో సగమే మీ దగ్గరికి చేరింది. ఆ శ్లోకంలో నాలుగు మాటలున్నాయి. పని చేయడంలోనే నీకు అధికారం, ఫలాల మీద లేదు, ఫలం కోసమే పని చేసేవాడివి కావద్దు, పని మానేయడం మీద కూడా మోజు పెంచుకోవద్దు. నాలుగోది ఎవరూ చెప్పరు. మీరు జారింది సరిగ్గా అక్కడే. జీతం పెంచమని అడగడం ఫలం కాదు, అదీ కర్మే. వాళ్లు ఇచ్చే జవాబు ఫలం.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఆశ నిజంగా వదిలితే లోపల రగలదు. అడగడానికి జంకి, ఆ జంకుకు వైరాగ్యమని పేరు పెట్టుకున్నప్పుడే రగులుతుంది. ఈ మాట కటువుగా అనిపించవచ్చుగానీ, మీ మంచి కోరే చెబుతున్నాం.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఈ ఏడాది మీరు పూర్తి చేసిన పనులు తేదీలతో సహా ఒక పేజీలో రాయండి. ఎంత పెంచాలని కోరుతున్నారో అంకె వేయండి. అంకె లేని విన్నపానికి “చూద్దాం” అన్న జవాబే వస్తుంది. మేనేజరును అరగంట సమయం అడిగి, ఆ కాగితం ఇచ్చి మాట్లాడి రండి. మళ్లీ ఎప్పుడు గుర్తు చేయాలో ఆ గదిలోనే తేదీ అడిగి తీసుకోండి. ఆ తేదీ దాకా దాని గురించి ఎవరితోనూ చర్చ పెట్టొద్దు. అక్కడే నిష్కామం మొదలవుతుంది. స్టోయిక్కులు చెప్పే విలుకాడి ఉపమానం కూడా ఇదే మాట అంటుంది: గురి చూడటం, వదలడం విలుకాడివి, బాణం తగలడం మాత్రం అతని చేతిలో లేదు. అయితే గురే చూడకుండా కూర్చున్నవాణ్ని వాళ్లూ మెచ్చుకోలేదు.

ప్రశ్న: మావారు నాలుగు నెలలుగా అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం), నిరాడంబరత అంటున్నారు. అటక మీదున్న మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందెలు నాకు చెప్పకుండా అమ్మేశారు. పిల్లలకు పండక్కి బట్టలు కూడా దండగంటున్నారు. ఆయన చెప్పేది మంచిదే కదా అని అందరూ నాకే సర్దిచెబుతున్నారు.
– పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ బాధలో న్యాయం ఉంది. అపరిగ్రహానికి కొలత పెట్టినవాళ్లు జైనులు. వాళ్ల గృహస్థ వ్రతాల్లో ఐదోది పరిగ్రహ పరిమాణం. తన ఆస్తికి, బంగారానికి, ధాన్యానికి, సామానుకు ఇంతవరకే అని హద్దు పెట్టుకుంటానని మనిషి తనకు తానుగా మాట ఇచ్చుకోవడమే ఆ వ్రతం. సన్యాసికి వేరే కొలత, సంసారికి వేరే కొలత అని వాళ్లు మొదటే విడదీశారు. ఇంట్లోవాళ్లు అతని మీద ఆధారపడి ఉంటారని వాళ్లకు తెలుసు. ఇతరుల వస్తువును అడక్కుండా తీసి అమ్మడం ఏ అపరిగ్రహంలోనూ లేదు. పైగా అదే వ్రతాల్లో మూడోదైన అస్తేయం, అంటే ఇవ్వనిదాన్ని తీసుకోకపోవడం, దానికి అడ్డొస్తుంది.

ఆయనతో వాదన తత్వం మీద పెట్టుకోకండి, అక్కడ ఆయనకు మాటలు చాలా ఉన్నాయి. లెక్క మీద పెట్టండి. ఇంటి వస్తువులూ ఖర్చులూ మూడు జాబితాలుగా రాయండి: ఆయనవి, మీవి, ఇద్దరివీ. ఆయన జాబితాలో ఆయన ఎంత కోత పెట్టుకున్నా మీరు అడ్డు చెప్పొద్దు, అది ఆయన సాధన. మీ జాబితా జోలికి ఆయన రాకూడదు. పిల్లల బట్టలు, పండగలు, పెట్టుపోతలు మూడో జాబితాలోకి వస్తాయి. అందులో ఏది తగ్గించాలన్నా ఇద్దరూ సరే అనాలి, ఒకరు కాదంటే పాత పద్ధతే నడవాలి. నెలకొకసారి కూర్చుని చూసుకోండి. బిందెల సంగతి కూడా ఆ మొదటి రోజునే ఎత్తండి. చుట్టాల ముందు ఎత్తొద్దు, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి.

ప్రశ్న: దేవుడి మీద నమ్మకం లేదు. నమ్మకం లేనివాడికి నియమబద్ధమైన జీవితం సాధ్యమేనా? ఇంట్లో మాత్రం, భయం లేకపోతే భక్తి ఎలా, భక్తి లేకపోతే నీతి ఎలా అంటున్నారు.
– పాఠకుడు, నల్లగొండ

జవాబు: సాధ్యమే. మన ఎదుటే ఉదాహరణ ఉంది. గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావు (1902–1975) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. దేవుడు లేడని చెప్పి ఆయన ఆగిపోలేదు. అంటరానితనాన్ని ఎదిరించారు, సహపంక్తి భోజనాలు నడిపారు. గాంధీకి ఆత్మీయుడయ్యారు.

మీరు ఒక జాగ్రత్త తీసుకోండి. నమ్మనివాటి జాబితా తత్వం కాలేదు. పూజ మానేశాక ఆ పొద్దుటి పావుగంట ఏం చేస్తున్నారో చూసుకోండి. ఫోను తీసుకుంటే ఏమీ మారనట్టే. ఆచరణలో పాటించే నియమం ఒకటి రాసుకోండి: లంచం ఇవ్వను, కులం అడగను, కట్నం ప్రస్తావన ఉన్న పెళ్లిచూపులకు వెళ్లను. ఇంట్లోవాళ్లకు మీ వాదన కంటే అది తొందరగా అర్థమవుతుంది.

ప్రశ్న: నాన్నగారు పోయి ఐదు నెలలైంది. నిద్ర లేదు, తిండి సహించదు, దేని మీదా ఆసక్తి లేదు. వైరాగ్యం గురించి చదివితే తగ్గుతుందా?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు డాక్టరును కలవండి, చదువు తర్వాత. నిద్ర, ఆకలి, ఆసక్తి రెండు వారాలకు మించి దెబ్బతింటే దాన్ని తత్వంతో సరిచేసుకోవాలని చూడకూడదు. అలాంటి స్థితిలో “అంతా అనిత్యం” అన్న మాట ఓదార్పు ఇవ్వకపోగా మనసును ఇంకా కిందికి లాగుతుంది. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ సహాయ నంబరు 14416 ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే ఆ నంబరుకు ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

ప్రశ్న: కొంత గీత, కొంత బుద్ధుడు, కొంత స్టోయిక్కులు అని కలుపుకుంటే తప్పా? రోజూ ఎంత సమయం పెట్టాలి?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: సాధనలు కలుపుకోవచ్చు. సెనెకా స్టోయిక్కు అయి ఉండి కూడా తన ఉత్తరాల్లో ప్రత్యర్థి ఎపిక్యూరస్ మాటలు ధారాళంగా వాడుకున్నాడు. చిక్కు వచ్చేది నిర్ణయాల దగ్గర. ఊళ్లో సర్పంచి పదవికి నిలబడమన్నారనుకోండి. స్టోయిక్కు అయితే పదిమంది పని నీ పనేనంటాడు. ఎపిక్యూరస్ రాజకీయాల జోలికి వెళ్లొద్దంటాడు. రెండూ పట్టుకున్నవాడు ఆ రోజు ఏది సుఖంగా ఉంటే అది ఎంచుకుంటాడు, దానికి ఏదో ఒక తత్వం పేరు పెట్టుకుంటాడు. కాబట్టి ఇలాంటి చోట ఎవరి మాట చెల్లుతుందో ముందే ఒకరిని నిర్ణయించుకోండి. నోటుబుక్కు మొదటి పేజీలో ఆ పేరు రాసుకోండి. కష్టమొచ్చిన వారంలో దాన్ని మార్చకండి, మార్చాలనుకుంటే మూడు నెలలు ఆగండి.

సమయం రాత్రి పది నిమిషాలు చాలు. సెక్స్టియస్ అనే గురువు పడుకోబోయే ముందు తనను తాను మూడు ప్రశ్నలు వేసుకునేవాడని సెనెకా రాశాడు: ఇవాళ ఏ చెడ్డ అలవాటును బాగుచేసుకున్నావు, ఏ దోషాన్ని ఎదిరించావు, ఏ విషయంలో మెరుగయ్యావు? దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, సెనెకా కూడా రోజంతా ఒకసారి తిరగేసుకునేవాడు. ఏదీ దాచుకోకుండా చూసుకుని, ఈసారికి నిన్ను క్షమించాను, మళ్లీ చేయకు అనుకునేవాడు. ఆ చివరి మాట వదిలేస్తే పది నిమిషాలూ తిట్టుకోవడంతోనే సరిపోతుంది, వారానికల్లా నోటుబుక్కు తెరవడానికే భయమేస్తుంది. ఒక రాత్రి తప్పితే మర్నాడు రెండు రోజులవీ కలిపి రాయకండి, ఆ రోజుది మాత్రమే రాయండి.