మోచెయ్యి పట్టేస్తే మాలీషు చేయించకు

బిడ్డా,

పిండికట్టు విప్పినంక చెయ్యి చాపరాదు, ముద్ద నోటికాడికి రాదు అని రాసినవు. ఇంట్లోవాళ్లు నూనె పెట్టి మాలీషు చేయిద్దామంటున్నరట. ఒప్పుకోకు. మోచేతి ముందటి కండ కీలుకు ఆనుకొనే ఉంటది. దెబ్బ తగిలిన ఆ కండను గట్టిగ రుద్దినా, ఇంకొకలు పట్టి గుంజినా అండ్ల ఎముక పుట్టే ప్రమాదముంది. అది పుడితే కసరత్తుతోని పోదు. నీళ్ల బక్కెట ఏలాడదీసుడు గూడ వద్దు. బరువుకు కండ ఎదురు గుంజుతది, కీలు వాస్తది, తెల్లారి ఇంకింత బిగుస్తది.

ఎక్స్‌రే చూసి డాక్టరు కదిలించుమన్నంకనే మొదలుపెట్టు. ముందుగాల వెచ్చని తడి తువ్వాల 10 నిమిషాలు చుట్టు.

వంచుడుకు ఎల్లెలకల పండుకో. భుజం నుంచి మోచేతి దాకా నిటారుగ పైకి లేపి, ముంజెయ్యిని దాని బరువుతోనే భుజం దిక్కు వాలనియ్యి. ఆగినకాడ రెండో చేత్తోని మెల్లగ ఆనించి 15 లెక్కపెట్టు. 10 సార్లు. చాపుడుకు బల్ల మీద, మోచేతికి కొంచెం పైన మడతపెట్టిన తువ్వాల ఉంచి, అరచెయ్యి పైకి పెట్టి 5 నిమిషాలు వదిలెయ్యి. తిప్పుడుకు గంటె పట్టుకొని అరచెయ్యి పైకి, కిందికి తిప్పు. ఇక్కడ అందరు చేసే తప్పు, చేతికి బదులు భుజం తిప్పుడు. మోచేతికి, డొక్కకు నడుమ బట్ట ఇరికించు. అది జారిందంటే భుజం తిరిగినట్టే.

రోజుకు 4, 5 సార్లు చెయ్యి. ఒక్కసారే గంటసేపు చేస్తే పని చెడుతది. లాగినట్టు ఉండి గంటలోపట తగ్గే నొప్పి మంచిదే. రాత్రి నిద్ర పట్టకున్నా, వాపొచ్చినా మరునాడు సగమే చెయ్యి.

ప్రతి ఆదివారం పొద్దున చెయ్యి వంచినంత వంచి మణికట్టుకు, భుజానికి నడుమ ఎన్ని వేళ్లు పడుతున్నయో చూసి రాసిపెట్టు. రోజూ చూస్తే మనసు విరుగుతది. చెయ్యి పూరా చాపితే సున్న డిగ్రీలనుకో, 30 డిగ్రీల నుంచి 130 దాకా వంగితే ఇంటి పనులు చాలా మట్టుకు నడుస్తయి. అంతకు రాకుండ నెల రోజులు అదే లెక్క మీద ఆగితే, మెల్లగ సాగదీసే పట్టీ గురించి ఫిజియోథెరపీల అడుగు. ఆరు నెలల దాకా ఆశ వదలకు, ఆపరేషన్ మాట అటెన్క.

చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కినా, మోచేతి ముందట గట్టి గడ్డ తగిలినా కసరత్తు ఆపి వెంటనే ఎముకల డాక్టరుకు చూపెట్టు.